శాఖా గ్రంథాలయంలో వేసవి శిబిరం: పుస్తకం ఇంటికి వెళ్లేలా నడపడం ఎలా?

మీ ఊరి శాఖా గ్రంథాలయంలో ఈ వేసవికి పిల్లల శిబిరం పెట్టాలనుకుంటే ముందు ఒక లెక్క తేల్చుకోండి. చివరి రోజుకి ఒక్కొక్కరు ఎన్ని పుస్తకాలు ఇంటికి పట్టుకెళ్లి, తిరిగి తెచ్చి ఉంటారు? ఆ సంఖ్య పదికి తగ్గిందంటే డ్రాయింగ్, చదరంగం, స్పోకెన్ ఇంగ్లిష్ ఎంత బాగా నడిచినా మీరు చేసింది పిల్లల్ని రెండు గంటలు నీడపట్టున కూర్చోబెట్టడమే. ఆ పని అంగన్‌వాడీ కూడా చేస్తుంది. ఒక గది, రెండు మూడు బీరువాలు, ఒకే ఉద్యోగి ఉండే గ్రంథాలయానికి సరిపోయేలా ఈ పద్ధతి రాశాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా శాఖలు అలాంటివే.

రోజులు, వేళలు

బడులకు ఏప్రిల్ నాలుగో వారంలో సెలవులిచ్చి జూన్ రెండో వారంలో తెరుస్తారు. దాదాపు ఏడు వారాలు. మొత్తం వాడేసుకోవాలని ఆశపడకండి. మొదటి వారం సగం మంది అమ్మమ్మగారి ఊళ్లో ఉంటారు. చివరి వారమంతా యూనిఫాం కొలతలు, అట్టలేసుకోవడం. మధ్యలో నాలుగు వారాలు పట్టుకోండి. శాఖలకు శుక్రవారం సెలవు కాబట్టి వారానికి ఆరు రోజులు, మొత్తం 24 రోజులు. జిల్లా గ్రంథాలయ సంస్థ అంతకన్నా పొడవైన కార్యక్రమం పంపితే ఈ 24 రోజుల్ని దాని మధ్యలో పెట్టుకుని, మిగతా రోజుల్లో పుస్తకాలివ్వడం, చదువుకోనివ్వడం మాత్రం చేయండి.

వేళ ఉదయం 8 నుంచి 10. పది దాటితే మన వైపు ఎండకన్నా ఉక్కపోత పిల్లల్ని కూలేస్తుంది. కరెంటు పోతే ఆ గదిలో పెద్దవాళ్లే ఉండలేరు. సాయంత్రం పెడదామని కొందరంటారు గానీ, మే నెలలో మధ్యాహ్నం దాటాక కాలవైశాఖి (వేసవిలో వచ్చే ఉరుముల గాలివాన) మబ్బు ఎప్పుడు కమ్ముతుందో తెలీదు. అయితే సాయంత్రం గ్రంథాలయం తెరిచే వేళలో ఒక్క గంట పుస్తకాలు మార్చుకోవడానికి తప్పక కేటాయించండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడిపిక్కలు ఏరడానికి, విజయనగరం వైపు మామిడి తోటల్లోకి పొద్దున్నే పెద్దవాళ్లతో వెళ్లే పిల్లలుంటారు. వాళ్లు శిబిరానికి రాలేరు, పుస్తకానికి రాగలరు. వాళ్ల పేర్లూ శిబిరం పట్టీలోనే రాయండి.

రెండు జట్లు చేసుకోండి: మూడు నుంచి ఐదో తరగతి దాకా ఒకటి, ఆరు నుంచి తొమ్మిది దాకా ఇంకొకటి. జట్టుకి 20 మంది. గది చిన్నదైతే రోజు విడిచి రోజు రమ్మనండి. జట్టుకి ఇద్దరు సహాయకులు కావాలి. డిగ్రీ చదివే అమ్మాయిలు, అబ్బాయిలు, రిటైరైన మాస్టార్లు దొరుకుతారు. మాస్టార్లకు ఒక మాట ముందే మెత్తగా చెప్పి ఉంచండి: ఇక్కడ హాజరు పిలవడం, డిక్టేషన్ ఇవ్వడం, ఎక్కాలు అప్పజెప్పించుకోవడం ఉండవని.

అనుమతి, పుస్తకాలు

మార్చి మొదటి వారంలోనే జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి ఉత్తరం పెట్టండి. తేదీలు, వేళలు, పిల్లల సంఖ్య, సహాయకుల పేర్లు, మీకేం కావాలో అన్నీ ఒకే పేజీలో. డబ్బు అడగడం కన్నా పుస్తకాలు అడగడం తేలిక: జిల్లా కేంద్ర గ్రంథాలయం నుంచి వంద పిల్లల పుస్తకాలు రెండు నెలలకు పంపమని రాయండి. మొహమాటం అక్కర్లేదు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మీ ఊరివాళ్లు కడుతూనే ఉన్నారు. ఆ పన్ను సంస్థకు జమైందో లేదో పంచాయతీలో కనుక్కుని, ఆ సంగతి కూడా ఉత్తరంలో ఒక వాక్యం రాస్తే మీ మాటకు బరువు పెరుగుతుంది.

40 మందికి 150 పుస్తకాలు ఉండాలి. అంతకు తగ్గితే మూడో వారానికి అందరూ అన్నీ చూసేసి ఉంటారు. అందులో 60 బొమ్మలతో, పెద్దక్షరాలతో, 16 నుంచి 24 పేజీలవి. ఇంకో 60 కథల పుస్తకాలు, 32 నుంచి 64 పేజీలవి. మిగతా 30 పెద్దపిల్లలకి: సైన్సు, జీవిత చరిత్రలు, కాస్త పొడవైన నవలలు. నేషనల్ బుక్ ట్రస్ట్, చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్, ‘మంచి పుస్తకం’ సంస్థల తెలుగు పుస్తకాలు తక్కువ ధరకే వస్తాయి. స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దించుకుని ప్రింటు తీసుకోవచ్చు. కలర్ ప్రింటు ఖరీదనిపిస్తే అట్ట మాత్రం కలర్‌లో తీసి, లోపలి బొమ్మలకు పిల్లల చేతే రంగులేయించండి.

బీరువాలో పాతవి చూసేటప్పుడు మూడింటిని పక్కన పెట్టేయండి: పేజీలు పోయినవి, చీమతలంత అక్షరాలున్నవి, ప్రతి పేజీలో నీతి బోధించేవి. మూడో రకం దాతలు ఎక్కువగా ఇస్తారు, పిల్లలు తక్కువగా చదువుతారు.

ఇప్పుడు అసలు చిక్కు. స్టాకు తనిఖీలో పుస్తకం తగ్గితే బాధ్యత గ్రంథాలయాధికారిది. పిల్లల పుస్తకాలు బీరువాలో తాళం వెనక ఉండిపోవడానికి కారణం ఆ భయమే, సోమరితనం కాదు. అందుకని శిబిరం సెట్‌ని వేరుగా పెట్టుకోండి. ఊళ్లోవాళ్లు ఇచ్చినవి, మీరు ప్రింటు తీసినవి, చందాతో కొన్నవి ప్రధాన రిజిస్టరులో ఎక్కించే ముందు ‘శిబిరం జాబితా’ అని వేరే నోటుబుక్కులో 1 నుంచి 150 దాకా నంబర్లేసి రాయండి. ఇలా చేస్తున్నట్టు పై ఉత్తరంలోనే తెలియజేయండి. కేంద్ర గ్రంథాలయం నుంచి అరువొచ్చినవి గదిలోనే చదివించి, శిబిరం జాబితాలోవి ఇంటికి పంపండి. పోతే నాలుగైదు పోతాయి. అది చిరుగుల ఖర్చు కింద రాసుకోవాల్సిందే.

రంగు టేపు

పుస్తకాల వెన్నుకి మూడు రంగుల టేపు అంటించండి: ఆకుపచ్చ తేలిక, పసుపు మధ్యస్థం, ఎరుపు పెద్దవి. తరగతి నంబరు రాయకండి. ఏడో తరగతి పిల్లాడికి ఒత్తులు తడబడుతుంటే వాడికి కావాల్సింది ఆకుపచ్చే. దాని మీద ‘3’ అని కనబడితే స్నేహితుల ముందు ముట్టుకోడు.

ఎవరికి ఏ రంగో తెలుసుకోవడానికి పరీక్షలు వద్దు. పుస్తకం మధ్యలో తెరిచి ఒక పేజీ చదవమనండి. తడబడిన ప్రతి మాటకీ వాళ్లే ఒక వేలు ముడవాలి. పేజీ అయ్యేలోగా అయిదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇంకొన్నాళ్లాగాలి. ఒక్క వేలూ ముడవకపోతే పై రంగుకి వెళ్లొచ్చు. తడబడేది ఎక్కువగా సంయుక్తాక్షరాల దగ్గరే. ‘చెట్టు’ లాంటి ద్విత్వం గడగడా చదివేస్తారు, ‘ఉత్సవం’ దగ్గర ఆగుతారు. అలాంటివాళ్లకి మీరు ఒక వాక్యం, వాళ్లు ఒక వాక్యం చొప్పున వారం రోజులు చదివితే చాలావరకు దారిలో పడతారు.

పది సెకన్లలో పుస్తకం ఇవ్వడం

చాలా శిబిరాలు ఇక్కడే చతికిలబడతాయి. ఇరవై మంది వరుసలో నిలబడితే రిజిస్టరులో పేరు, పుస్తకం పేరు, రచయిత, తేదీ, సంతకం రాయించేసరికి ముప్పావు గంట. రెండో రోజుకి సహాయకులు విసిగి ‘ఇక్కడే చదువుకోండర్రా’ అంటారు. ఇంటికి వెళ్లడం అక్కడితో ఆగిపోతుంది.

ఇలా చేయండి. పాత శుభలేఖల అట్టల్ని 12 సెంటీమీటర్ల పొడవు, 7 సెంటీమీటర్ల వెడల్పు చీటీలుగా కత్తిరించండి. ప్రతి చీటీ మీద పుస్తకం నంబరు, పేరు రాయండి. పుస్తకం వెనకట్ట లోపల చిన్న కాగితం జేబు అంటించి, చీటీని అందులో పెట్టండి. జేబుకి కింద, రెండు పక్కల మాత్రమే గమ్ము రాయాలి. పైన కూడా రాస్తే జేబు మూసుకుపోతుంది. నవ్వొచ్చినా, తొందరలో అందరూ చేసే తప్పే. ఇక పిల్లలు ఒక్కొక్కరికి ఒక పోస్టు కవరు, దాని మీద పేరు, వీధి, ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ నంబరు. కవర్లన్నీ అక్షర క్రమంలో ఒక చెప్పుల పెట్టెలో నిలబెట్టండి.

పిల్ల పుస్తకం తెచ్చింది. జేబులోంచి చీటీ తీసి, దాని మీద తేదీ వేసి, ఆ పిల్ల కవర్లో పెట్టి, కవరుని పెట్టెలో అడ్డంగా తిప్పి నిలబెట్టారు. అంతే. తిరిగి ఇచ్చినప్పుడు చీటీ మళ్లీ జేబులోకి, కవరు మళ్లీ నిలువుగా. పెట్టె వైపు ఒక్క చూపు చూస్తే ఎన్ని పుస్తకాలు బయట ఉన్నాయో తెలుస్తుంది.

ఇందులో తప్పు ఒకటే జరుగుతుంది. చీటీలు తారుమారై ఒక పుస్తకం జేబులో ఇంకో పుస్తకం చీటీ చేరుతుంది. అందుకే పెట్టె దగ్గర ఇద్దరు చేతులు పెట్టకూడదు. ఆ పని రోజుకొకరు చొప్పున పెద్ద జట్టు పిల్లలకే అప్పజెప్పండి. పెద్దవాళ్లకన్నా జాగ్రత్తగా చేస్తారు, చెల్లెళ్ల బకాయిలు కూడా నిర్దాక్షిణ్యంగా వసూలు చేస్తారు.

ఒక్కసారికి ఒక్క పుస్తకం, రెండు రోజుల గడువు. ఆలస్యానికి జరిమానా పెట్టకండి. ఒక్క రూపాయి జరిమానా అన్నా పిల్లలు పుస్తకం తేవడం కాదు, రావడం మానేస్తారు. పోగొట్టుకున్న పిల్లకి ఆకుపచ్చ టేపు పుస్తకం మరొకటి ఇచ్చి పంపండి. వెతికిస్తే చాలాసార్లు మొదటిది పరుపు కిందో, మేనత్తగారింట్లోనో దొరుకుతుంది.

రెండు గంటలు ఎలా గడపాలి

8 గంటలకు పుస్తకాలు తిరిగివ్వడం, కొత్తది వెతుక్కోవడం. దీనికి 25 నిమిషాలు వదిలేయండి. బల్లల మీద అట్టలు పైకి కనబడేలా పరచండి, బీరువాలో వెన్నులు చూపిస్తే పిల్లలు ఎంచుకోరు. తర్వాత 15 నిమిషాలు మీరు చదివి వినిపించడం, 20 నిమిషాలు ఎవరికి వాళ్లు చదువుకోవడం, 40 నిమిషాలు చేతిపని. చివర్లో ఆటలు. క్యారంస్ బోర్డు 9:40 దాకా బయటికి తీయకండి. ముందే తీస్తే నలుగురు పెద్ద పిల్లలు దాన్ని చుట్టుముడతారు, వాళ్ల చుట్టూ పదిమంది నిలబడతారు, కథ మీరొక్కరే చదువుకోవాలి.

చదివి వినిపించడానికి ముందురోజు రాత్రి రెండుసార్లు పైకి చదువుకోండి. పన్నెండు నిమిషాలు మించే కథని రెండు రోజులకు పంచండి. పుస్తకాన్ని మీ ఛాతీ పక్కన పిల్లల వైపు తిప్పి పట్టుకుని, పేజీ అయ్యాక బొమ్మని ఎడమ నుంచి కుడికి మెల్లగా తిప్పండి. పులి బావి దగ్గరికొచ్చిందనుకోండి, అక్కడ పుస్తకం వాల్చి ‘ఇప్పుడేటవుద్ది?’ అని ఒక్కసారే అడగండి. పేజీకొక ప్రశ్న అడిగితే కథ తరగతి గదై కూర్చుంటుంది. అయ్యాక ‘నీతి ఏమిటి’ అనొద్దు. ఆ పుస్తకాన్నే ఎవరు పట్టుకెళ్తారో అడగండి. నాలుగు చేతులు లేస్తాయి.

పిల్లలు కథ తిరిగి చెప్పేటప్పుడు ‘ఏటి’ (ఏమిటి), ‘గుంటడు’ (పిల్లాడు), ‘సోడంబలి’ (చోడంబలి, రాగి అంబలి) అంటే దిద్దకండి. అలా మాట్లాడటంలో తప్పేమీ లేదని వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలోనే. దిద్దిన మరుక్షణం పిల్లలు నోరు మూసుకుంటారు, అది ఎవరైనా పరీక్షించి చూసుకోవచ్చు. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఒడియా ఇంట్లో మాట్లాడే పిల్లలుంటారు, కొండ దగ్గర ఊళ్లలో సవర పిల్లలుంటారు. వాళ్ల చేత ఒక పొడుపుకథ వాళ్ల భాషలోనే చెప్పించి, అర్థం తెలుగులో చెప్పమనండి. ఆ రోజు నుంచి వాళ్లు వెనక వరుసలో కూర్చోరు.

ఒక్క కాగితంతో ఎనిమిది పేజీల పుస్తకం

చేతిపనుల్లో గ్రంథాలయానికి అచ్చంగా సరిపోయేది ఇదే. ఒక ఏ4 కాగితం, ఒక కత్తెర. గమ్ము అక్కర్లేదు.

కాగితాన్ని పొడవుగా సగానికి మడిచి తెరవండి. ఇప్పుడు అడ్డంగా సగానికి మడిచి తెరవండి. రెండు చివర్లనూ మధ్య గీత దాకా మడిచి తెరవండి. ఎనిమిది గళ్లు వస్తాయి. మళ్లీ అడ్డంగా సగానికి మడిచి, మడత వైపు నుంచి, పొడవు గీత మీదుగా, తర్వాతి అడ్డగీత దాకా కత్తిరించండి. అంటే ఒక్క గడి పొడవు మాత్రమే. కాగితం తెరిస్తే నడిమధ్యలో రెండు గళ్ల పొడవు చీలిక కనిపించాలి. పొడవుగా మడిచి రెండు చివర్లు పట్టుకుని లోపలికి నెడితే చీలిక విచ్చుకుని కూడిక గుర్తులా నిలబడుతుంది. దాన్ని ఒక వైపుకి చుట్టేస్తే పుస్తకం.

మడత వైపు కాకుండా తెరిచి ఉన్న వైపు నుంచి కత్తిరిస్తే కాగితం హెచ్ అక్షరంలా చీలిపోతుంది. కాబట్టి కత్తెర ఇచ్చే ముందు అందరి చేతా మడత మీద వేలు పెట్టించండి. ఇంకో సంగతి: విప్పి రాస్తే సగం పేజీలు తలకిందులవుతాయి. ముందు పుస్తకంగా మడిచి పెన్సిలుతో 1 నుంచి 8 అంకెలు వేయించి, తర్వాతే విప్పి రాయించండి. 500 కాగితాల రీము ఒకటి 40 మందికి నాలుగు వారాలూ వస్తుంది.

ఏం రాయాలి? ఇంటికెళ్లి మామ్మనో తాతనో అడిగి తెచ్చిన నాలుగు సామెతలు, మూడు పొడుపుకథలు, ఒక బొమ్మ. పనుల కోసం హైదరాబాదో చెన్నైయో వెళ్లినవాళ్ల పిల్లలు ముసలివాళ్ల దగ్గరే ఉంటారు కాబట్టి మనకి ఇది బాగా కుదురుతుంది. తయారైన పుస్తకాలకు శిబిరం జాబితాలో 151 నుంచి నంబర్లిచ్చి, జేబు అంటించి, టేపు వేసి బల్ల మీద పెట్టండి. అన్నిటికన్నా ముందు ఇంటికెళ్లేవి అవే.

ఎవర్ని పిలవాలి, ఎక్కడికి వెళ్లాలి

తీరం ఊళ్లలో మీకో అవకాశం ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. వేటకెళ్లేవాళ్లు ఇంటి దగ్గరే ఉంటారు. ఒకరిని పిలిచి వల అల్లడం చూపించమనండి, చేపల పేర్లు చెప్పించి పిల్లల చేత పట్టిక రాయించండి, అదే వారం సముద్రం మీద పుస్తకాలు బల్ల మీద ముందు వరుసలో పెట్టండి. లోపలి ఊళ్లలో తప్పెటగుళ్లు, జముకులకథ కళాకారులుంటారు. ఇరవై నిమిషాలు చాలని ముందే చెప్పండి, మైకు వద్దు, దారిఖర్చు మాత్రం తప్పక ఇవ్వండి. ప్రముఖుల ప్రసంగాలు పెట్టకపోవడం మంచిది. పెట్టక తప్పకపోతే చేతిలో ఒక కథ పెట్టి చదివించండి.

పెద్ద జట్టుకి ఒక రోజు ప్రయాణం: శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో నెలకొల్పిన కథానిలయం (తెలుగు కథల గ్రంథాలయం), లేదా విజయనగరంలో గురజాడ అప్పారావు నివసించిన ఇల్లు. ముందు ఫోన్ చేసి వేళ కనుక్కోండి. ఉదయం ఏడుకి బయల్దేరి పదిన్నరకి వెనక్కి వచ్చేయాలి. కథానిలయంలో పిల్లల చేత చేయించదగ్గ పని ఒకటుంది: తమ ఊరి పేరో, మండలం పేరో వచ్చే కథ కోసం అక్కడివాళ్లని అడిగి వెతికించడం.

నీళ్లు, ఎండ, పిడుగు

మనిషికి అరలీటరు చొప్పున లెక్కేసి రోజూ 20 లీటర్ల క్యాను ఒకటి, సహాయకులకు వేరే. లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపిన ద్రవం ఒక సీసా ఎప్పుడూ సిద్ధంగా ఉంచి, ఏ రోజుదా రోజు పారబోయండి. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి కొలవాలి. ఉప్పు పెరిగితే మేలు బదులు కీడు. చోడంబలి ఎవరైనా పోస్తామంటే కాదనకండి, గ్లాసులు మాత్రం ఇంటి నుంచి తెచ్చుకోమనండి. ఉరుము వినబడితే పిల్లల్ని చెట్టు కిందికి, వరండాలోకి పంపకుండా గదిలోనే ఉంచి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి పంపండి.

పదేళ్ల అమ్మాయిలు చంకన చెల్లినో తమ్ముణ్నో వేసుకుని వస్తారు. చిన్నపిల్లలు వద్దంటే ఆ అమ్మాయి కూడా మానేస్తుంది. మూలన ఒక చాప, నాలుగు గట్టి అట్టల బొమ్మల పుస్తకాలు వేయండి. చింపుతారు, పర్వాలేదు. చిరిగిన పేజీకి సెల్లోటేపు మాత్రం వేయకండి, రెండు వేసవులకే పచ్చబడి, ఎండి ఊడిపోయి కాగితాన్ని మరకతో వదిలేస్తుంది. పలచటి తెల్లకాగితం ముక్కని నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో అంటించి, రెండు ప్లాస్టిక్ షీట్ల మధ్య బరువు కింద రాత్రంతా ఉంచండి.

తొమ్మిదో పదో రోజుకి హాజరు సగానికి పడిపోతుంది. ప్రతిచోటా పడుతుంది, కంగారుపడొద్దు. కవర్ల పెట్టె తీసి అడ్డంగా తిరిగి ఉన్నవాటి పేర్లు రాసుకుని, సాయంత్రం ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ వీధులకు కొత్త పుస్తకాలతో వెళ్లండి. ‘ఎందుకు రాలేదు’ అనకుండా ‘ఇది చదివేశావా, ఇది తీసుకో’ అంటే చాలు. సగం మంది మర్నాడు వస్తారు, మిగతా సగం అలా ఇంటి దగ్గరే చదువుతారు.

చివరి రోజు ఇచ్చే కాగితం మీద ‘పాల్గొన్నారు’ అని రాయకుండా చదివిన పుస్తకాల పేర్లు వాళ్ల చేతే రాయించి కింద మీరు సంతకం చేయండి. ఆ రోజే సభ్యత్వం ఫారాలు ఇళ్లకు పంపండి. డిపాజిట్ కట్టలేని పిల్లలకి ఊళ్లో ఎవరిచేతైనా కట్టించండి. సభ్యత్వం మానుకుంటే ఆ మొత్తం తిరిగొచ్చేదే కాబట్టి దాతలు కాదనరు. జూన్‌లో బడి తెరిచాక చెప్పుల పెట్టెని అటక మీద పెట్టకండి. వారంలో ఒక సాయంత్రం, ఆదివారమైతే మేలు, బల్ల మీద అవే పుస్తకాలు పరచి పెట్టె పక్కన ఉంచండి. అడ్డంగా మిగిలిన కవర్లున్నవాళ్లు ఆ సాయంత్రాల్లోనే ఒక్కొక్కరూ వచ్చి ఇచ్చి వెళ్తారు.